వనజాక్షి మేడం చేతి పసుపు

మొన్న మా ఆఫీసులో సుజాత ల్యాప్‌టాప్ పని మధ్యలో టప్పున ఆరిపోయింది. గదంతా కాలిన దుమ్ము వాసన. నేను లేచి వెళ్లి, దాని పక్కన గాలి వదిలే సందుకు అరచెయ్యి అడ్డం పెట్టి చూశాను. పసిబిడ్డకు జ్వరం చూసినట్టు చూస్తానని మా వాళ్లు నా వెనకాల నవ్వుకుంటారని నాకు తెలుసు. నవ్వుకోనీ. నాకా అలవాటు నేర్పిన మనిషిని చూసి ఉంటే వాళ్లు నవ్వేవాళ్లు కాదు. చేతికి వేడి తగలగానే వనజాక్షి మేడం గుర్తొచ్చారు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో తిరుపతిలో కట్టడాలకు డిజైన్లు చేసే ఆఫీసు ఆమెది. ఆడమనిషి కమ్మీల లెక్క చెబితే మేస్త్రీలు ముసిముసిగా నవ్వే కాలం. ఆమె కొంగు నడుముకు దోపుకొని గోడకు కట్టిన సారువ కర్రలెక్కి, పైనుంచి ఒక్క కేక వేసేవారు. అంతే, నవ్వులన్నీ దిగిపోయేవి. చిత్తూరులో డిప్లొమా ముగించి నేను ఆమె దగ్గర చేరాను. ఆఫీసులో అందరికీ నేను పాపనే. నా పేరు ఎవరికైనా గుర్తుందా అని అప్పుడప్పుడూ అనుమానం వచ్చేది.

తిరుచానూరులో ఒక వ్యాపారుల సంఘం పెద్ద కల్యాణమండపం కట్టాలనుకుంది. కాగితం మీద ప్లాను చూపిస్తే ఆ పెద్దలకు గీతలే కనిపిస్తాయి, మండపం కనిపించదు. అందుకని కంప్యూటర్‌లో మండపాన్ని నిలబెట్టి, లోపల తిరుగుతున్నట్టే చూపించమన్నారు మేడం. ఆ బొమ్మ నేనే చేశాను. అది ఎంత బరువైందంటే, ఆఫీసు కంప్యూటరే ఆయాసపడేది. దాన్ని మోసుకుపోవడానికి గట్టి ల్యాప్‌టాప్ కావాలి. "బొమ్మ చేసింది నువ్వు. మిషను గూడా నువ్వే ఎంచు" అన్నారు మేడం.

మా పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ మునిరత్నమన్నకు అది మింగుడుపడలేదు. "అంత ఖరీదైన వస్తువు పాప చేతిలో పెడతారా మేడం? దానికేం తెలుసు?" అన్నాడు.

"దినామూ దాంతో కుస్తీ పట్టేది ఆ బిడ్డే. దానికి తెలీంది నీకూ నాకూ తెలస్తాదా?" అన్నారామె. నాకు ఆ పూట అన్నం సయించలేదు. నేను ఎంచింది చెడిపోతే ఇక ఆ ఆఫీసులో నా మాటకు విలువ ఉండదు, జన్మంతా పాపగానే మిగిలిపోతాను.

ల్యాప్‌టాప్ కోసం మద్రాసు బస్సెక్కాం. వడమాలపేట రాగానే మేడం కిటికీలోంచి చెయ్యి చాపి, "అదో, మా వూరు" అన్నారు. "మా నాయన పశువుల పరసలో ఎద్దును కొనేదానికి పోతే, కొమ్ములూ చూడడు, మెరుపూ చూడడు. బండికి కట్టి, బండినిండా మనుషుల్ని ఎక్కించి, ఎగువకు తోలేవాడు. ఎద్దు వగరిస్తే అక్కడే వదిలేసి వచ్చేవాడు. మనమూ అట్లే చేస్తాం పాపా" అన్నారు. ఆమె సంచిలో మండపం బొమ్మ ఉన్న సీడీ ఉంది.

అంగడివాడు పల్చగా వెండిలా మెరిసే ల్యాప్‌టాప్ తీసి, సినిమా పాట పెట్టి చూపించాడు. నాకూ మనసు పారేసుకోవాలనిపించిన మాట నిజం! మేడం సీడీ ఇచ్చారు. బొమ్మ తెరిచి తిప్పబోతే మండపం కుంటుకుంటూ, ఆగి ఆగి తిరిగింది. చివరికి మూలనున్న నల్లటి లావుపాటి దాన్ని తీయించాను. బొమ్మల పని కోసం దాంట్లో వేరే కార్డుందట. మండపం గిర్రున తిరిగింది. వదలకుండా ఆ పూటంతా దానిమీదే పని చేశాను. మేడం దాని పక్కన అరచెయ్యి పెట్టి, "కాగతా ఉండాది, కానీ గాలి బాగా వదలతా ఉండాది. వగర్చడంలేదు" అన్నారు. "ఇదే కావాలి మేడం" అన్నాను. బేరమాడారే గాని, నా మాటకు ఎదురు చెప్పలేదు.

మునిరత్నమన్న దానికి రుబ్బురోలని పేరు పెట్టాడు.

ఆయుధపూజ వచ్చింది. టేపులూ స్కేళ్లూ అన్నీ కడిగి వరసగా పెట్టాం. రుబ్బురోలుకు పూజ మేడమే చేశారు. తెరమీద అమ్మవారి బొమ్మ వెలుగుతుండగా నాలుగు పక్కలా తడిపసుపు నిండుగా రాసి, పైన కుంకుమా బంతిరేకులూ చల్లి, హారతిచ్చారు. మా అందరికీ కడుపు నిండినట్టయింది.

తిరుచానూరు పెద్దల ముందు మండపం చూపించాల్సిన రోజు పొద్దున, ఒకసారి చూసుకుందామని బొమ్మ తెరిచాను. రెండు చుట్లు తిరిగి తెర నల్లబడింది. మళ్లీ వేశాను, మళ్లీ ఆరింది. "చెప్తే విన్నారా? పాపను నమ్ముకొని పోతే ఇంతే" అన్నాడు మునిరత్నమన్న. నాకు ఏడుపొచ్చింది.

"ఏడ్చేది ఎప్పుడైనా ఏడుద్దువు. ముందు కనుక్కో. ఒకసారికి ఒక్కటే మార్చి సూడు" అన్నారు మేడం. ప్లగ్గు మార్చాను, ఆరింది. చార్జరు తీసి బ్యాటరీతో నడిపాను, ఆరింది. మండపం మూసి ఉత్తి ఉత్తరం టైపు చేస్తే మాత్రం హాయిగా నడిచింది. అంటే బరువెత్తితేనే తంటా. మేడం పక్కన అరచెయ్యి పెట్టి, "గాలే రావడంలేదే!" అన్నారు. అన్నీ ఆపి, బ్యాటరీ తీసి, అడుగున మరలు విప్పాను. ఫ్యాను మీద ఎర్రగా పసుపూ కుంకుమా అట్టకట్టి ఉన్నాయి, బంతిరేకొకటి రెక్కలకు చుట్టుకొని ఉంది. పక్క సందుల్లో పసుపు ఎండి గోడ కట్టినట్టుంది.

ఆ ఎండిన పసుపు పెచ్చును మేడం ఊడదీసి తన అరచేతిలో వేసుకొని, ఆఫీసు నడిమధ్యకు వచ్చి నిలబడ్డారు.

"అందరూ సూడండి. ఇది నా చేతి పసుపు. పాప ఎంచిన మిషను బంగారం. దాని ముక్కు మూసింది నేను" అన్నారు. ఆ గొంతులో జంకు లేదు, బుకాయింపు లేదు. అంత పెద్దమనిషి తన తప్పును చేతిలో పెట్టుకొని అందరికీ చూపించడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. మునిరత్నమన్న లోపలికి పోయి, తను ప్రాణంలా దాచుకునే రంగుల కుంచె తెచ్చి నా చేతికిచ్చాడు. దాంతోనే ఫ్యాను తుడిచాను.

తిరుచానూరులో ఆ మధ్యాహ్నం పెద్దలు మండపంలో తిరిగారు. పెళ్లిపీటలు యాడ వేస్తారో, వంటశాల పొగ యాటికి పోతుందో చూశారు. ఒకాయన, "ఆ స్తంభం అడ్డమొస్తుంది, జరపమ్మా" అన్నాడు. అక్కడికక్కడే జరిపి చూపించాను. రుబ్బురోలు హోరుమంటూ గాలి వదిలింది, ఆరలేదు. "బలే మిషనుండాదే! ఎవురు ఎంచినారు?" అన్నాడాయన. మేడం నోరు తెరిచేలోగా వెనకనుంచి మునిరత్నమన్న, "మా ఇంజినీరమ్మే సార్" అన్నాడు. ఇంటికొచ్చాక మా అమ్మకు ఆ మాట ఎన్నిసార్లు చెప్పానో!

మరుసటేడు మేడం పూజ మానలేదు. మిషను ఆపి, మూత మీద ఒక్క బొట్టు పెట్టి, "అమ్మవారికి గాలాడొద్దా?" అని నవ్వారు. ఇప్పుడు ఆమె లేరు. నేను నడిపే మా ఆఫీసులో ఈనాటికీ బొట్టు మూత మీదే.

మొన్న సుజాత ల్యాప్‌టాప్ ఆరిపోగానే గదిలో అందరూ సుజాత వైపు చూశారు. పాపం, ఆ పిల్ల మొహం చిన్నబోయింది. నేను దాని పక్కనుంచి చెయ్యి తీశాను. ఎవరిని ఏమీ అడగకముందే, ఆ చేతిని తిప్పి ముందు నా అరచెయ్యి చూసుకున్నాను.