ముందస్తు శాలువా

నిన్న సాయంత్రం బీరువా తెరిచాను. స్వెటర్ కోసమని మా ఆవిడ స్వరూపతో చెప్పాను గానీ, నిజానికి ఆమె నా నుంచి దాచిపెట్టిన సకినాల డబ్బా కోసం. తలుపు తీయగానే కలరా ఉండల వాసన ముక్కు మీద ఒక్కటిచ్చింది. దాని వెనకే, సభలో ఆలస్యంగా వచ్చిన ముఖ్య అతిథిలా, జొన్నపిండి వాసన వచ్చింది. సకినాలు దొరకలేదు. అడుగు అరలో పట్టుచీరల కింద ఒక మెరూన్ రంగు శాలువా దొరికింది. కాస్త విదిలిస్తే జరీ అంచులోంచి ఇప్పటికీ పిండి రాలుతుంది. అది సత్తెమ్మత్త శాలువా. అది కప్పించుకున్నవాడు కప్పించుకున్నట్టే ఉండిపోవడం ఎన్నడూ జరగలేదు. నాతో సహా.

ఉప్పల్ నుంచి నాచారం వెళ్ళేటప్పుడు మా కాలనీ మూల మీద ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉందే, అక్కడ ఆమె పిండిగిర్ని ఉండేది. ఆ మోటారు మొదలైతే అక్కడెక్కడో కాప్రా చెరువు మీద కొంగలు లేచి నారపల్లి దాకా వెళ్ళి వాలేవి. ఆ మోత మీదుగా సత్తెమ్మత్త నోరు విప్పితే మోటారే సిగ్గుపడి మూలిగేది. కనుబొమల దాకా పిండి పట్టి ఎప్పుడు చూసినా ఎనభై ఏళ్ళ మనిషిలా ఉండేది. తలంటుకున్న రోజు మాత్రం ముప్పై ఏళ్ళు తగ్గి, ఎవరో కొత్తావిడ గిర్ని కొనుక్కుందని పుకారు పుట్టేది. నాకు ఏ వరసా కాదు. ఆమె చేతి పిండితో రొట్టె తిన్న ప్రతివాడూ ఆమెకు అల్లుడే. అలా చూస్తే తూర్పు హైదరాబాదులో సగం ఆమె అల్లుళ్ళే.

అప్పట్లో స్వరూప నాచారంలో ఒక బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను మీద పనిచేసేది. ఫ్యాక్టరీకీ మా కాలనీకీ మధ్య ఒక సందు ఉంది. కరెంటు స్తంభాలున్నాయి, వాటికి దీపాలు లేవు. అక్కడి చీకటిని కత్తితో కోసి కిలోల లెక్కన అమ్ముకోవచ్చు. ఒక రోజు పొద్దుగూకాక ఆమె షిఫ్టు దిగి వస్తుంటే, బండి మీద ఇద్దరు వచ్చి మెడలోని గొలుసు పట్టి లాగారు. గొలుసు తెగలేదు, మనిషి పడిపోయింది. మోచెయ్యి గీరుకుపోయి, మెడ చుట్టూ ఎర్రటి చారతో ఇంటికి వచ్చింది. మా అమ్మ ఆ చార చూసి, “సాలు బిడ్డా, రేపటి సంది పోకు” అంది. “వచ్చే నెల నన్ను లైన్ సూపర్‌వైజర్ జేస్తమన్నరత్తమ్మా. ఎన్నేండ్లు కుట్టిన నేను! ఆ సందుల చీకటున్నదని ఇంట్ల కూసోవాల్నా?” అని స్వరూప ఏడ్చింది. పడినందుకు ఏడవలేదు, దీనికి ఏడ్చింది. అమ్మ కొంచెం మెత్తబడి, దీపాలు వస్తేనే ఉద్యోగం అని తీర్పు చెప్పింది. మా ఇంట్లో అమ్మ తీర్పు మీద అప్పీలుకు పై కోర్టు లేదు.

నేను బయల్దేరాను. సందు నడుమ ఒక మురికినీళ్ళ మోరీ ఉంది. మోరీకి ఇవతల ఒక ఠాణా హద్దు, అవతల ఇంకో ఠాణా హద్దు. ఇవతలి వాళ్ళు, మనిషి పడింది అవతల కదా అన్నారు. అవతలి వాళ్ళు, దొంగలు పారిపోయింది ఇవతలికి కదా అన్నారు. మున్సిపల్ ఆఫీసులో దీపాలు పెడితే దొంగలు కొడతారు కాబట్టి ముందు పోలీసు గస్తీ కావాలన్నారు. ఠాణాలో గస్తీ తిరగాలంటే ముందు దీపాలు కావాలన్నారు. నాకు పట్టలేని కోపం వచ్చి, ఇంటర్‌నెట్ సెంటర్‌లో కూర్చుని తిన్నగా ఢిల్లీలోని హోం మంత్రిత్వ శాఖకే ఫిర్యాదు పంపించాను. దేశంలోని పోలీసులందరికీ పెద్ద దిక్కు అదేననీ, రాయగానే అక్కడ ఒక గంట మోగుతుందనీ నా నమ్మకం. ఉన్నది ఉన్నట్టు రాయడం మా వంశంలో లేదు. ఆ సందులో గుడ్లగూబలు సైతం ఎగరడానికి భయపడి, ఒకదాని రెక్క ఒకటి పట్టుకుని నడిచి వెళుతున్నాయని రాశాను.

గంట నిజంగానే, వారం తిరక్కుండానే మోగింది. కాకపోతే ఢిల్లీ నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి కమిషనర్ ఆఫీసుకు మోగుతూ మోగుతూ వచ్చి, నేను మొదట వెళ్ళిన ఠాణాలో, అదే ఎస్సై టేబుల్ మీద ఆగింది. ఆయన పిలిపించి కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు.

“అన్నా, ఢిల్లీ దాంక ఎందుకు పోయినవే? పోలీసు రాష్ట్రం కిందికొస్తది. ఢిల్లీ పెద్దాఫీసర్లనిస్తది, పైసలిస్తది, గిట్ల జెయ్యుమని చెప్తది. గస్తీ బండి కదలాల్నంటే ఈడికెల్లే కదలాలె. లైట్లంటవా, అవి మున్సిపాలిటీయి. వాళ్ళ శాఖే వేరు. నేను చెప్తే వాళ్ళింటరా?” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “గా గుడ్లగూబల సంగతేంది? విచారణ జేసి జవాబియ్యమన్నరు. ఎన్నున్నయని రాయాలె?” అని అడిగాడు.

ఆ కథంతా విని సత్తెమ్మత్త మోటారు ఆపేసి మరీ నవ్వింది. నవ్వుతుంటే పిండి మేఘంలా లేచి, జొన్నల కోసం వచ్చినవాళ్ళు గోధుమలు పట్టుకెళ్ళారు.

“పిచ్చి అల్లుడా, నిచ్చెన పై మెట్టు మీద రాయి పెడితే ఏమైతది? దొర్లుకుంట దొర్లుకుంట కింది మెట్టుకే వస్తది. గా కింది మెట్టు మనింటి ముంగటనే ఉన్నది. నువ్వు దరఖాస్తు పట్కపోతే ఆఫీసరు కుర్సీల నుంచి లేవడు. శాలువా పట్కపో, లేసి నిలవడ్తడు.”

“పని చెయ్యనోళ్ళకు సన్మానమేందత్తా?”

“చేసినోనికి అందరు జేస్తరు. చెయ్యాల్సినోనికి జేసి సూడు.”

ఆదివారం పొద్దు వాలుతుండగా సందులో, దీపం లేని స్తంభం కింద కుర్చీలు వేశాం. మైకు తెచ్చాం. ‘మా సందును పట్టపగలు చేసిన అధికారులకు వేయి వందనాలు’ అని ఫ్లెక్సీ కట్టాం. ఇద్దరు ఎస్సైలూ వచ్చారు, మున్సిపల్ ఇంజినీరూ వచ్చాడు. శాలువా ఒక్కటే ఉంది. సత్తెమ్మత్త ఇద్దరు ఎస్సైలనూ మోరీ మీదికి పిలిచి, ఒకరిని ఇటు, ఒకరిని అటు నిలబెట్టి, ఇద్దరి భుజాల మీదుగా ఆ ఒక్క శాలువానే కప్పింది. హద్దు ఎటు పోయిందో ఎవరికీ కనబడలేదు. ఫోటో అయ్యాక, “ఇస్త్రీ జేసి పంపుత సార్” అంటూ దాన్ని లాక్కుని ఇంజినీరు మీదికి నడిచింది.

ఆయన గోదావరి వైపు మనిషి, మర్యాదస్తుడు. ఫ్లెక్సీ చదివి చెమటలు పట్టి, “అమ్మా, మేమింకా లైట్లు వెయ్యలేదండీ!” అన్నాడు.

“ఎరికే సార్. ఏస్తరు గదా. మాట తప్పే మొఖమైతే కనవడ్తలేదు” అంది, శాలువా కప్పుతూనే.

జనం నవ్వారు, ఆయనా నవ్వాడు. ఇక్కడితో అయిపోతే ఇదొక వేళాకోళంగానే మిగిలేది. అప్పుడామె మైకు తీసుకుని స్వరూప చేతికిచ్చింది. స్వరూప జీవితంలో మైకు పట్టుకోవడం అదే మొదటిసారి. “సార్, వచ్చే నెల నుంచి నేను సూపర్‌వైజర్‌నైత. మీ లైట్లు రాకపోతే ఇంట్లోళ్ళు పని బంద్ జేయించేటోళ్ళు. నేనే గాదు, నాతోటి వచ్చేటోళ్ళంత బందైతుండె. మీ పున్యం సార్” అని చేతులు జోడించింది. మెడ మీది చార ఇంకా మానలేదు. ఇంజినీరు నవ్వు ఆపేశాడు. శాలువా అంచును చేత్తో పట్టుకుని, చాలాసేపు ఆ స్తంభం వైపే చూస్తూ నిలబడ్డాడు.

ఆ వారంలోనే దీపాలు వచ్చాయి. ఎంత వెలుగంటే, మా కోళ్ళు పగలూ రాత్రీ తేడా తెలియక కూయడమే మానేశాయి. రెండు ఠాణాల గస్తీ బండ్లూ మోరీ దగ్గర ఎదురుపడి హారన్లతో పలకరించుకునేవి. మొదటి సాయంత్రం స్వరూప తనతోటి ఆడవాళ్ళతో నవ్వుకుంటూ ఆ సందులో నడిచి వస్తుంటే, అమ్మ గడప మీద నిలబడి చూసింది. లోపలికి వెళ్ళి కోడలికి చాయ్ పెట్టింది. మా ఇంట్లో తీర్పు మారిందనడానికి అదే ఉత్తర్వు.

నేను కృతజ్ఞతలు చెప్పడానికి గిర్నికి వెళ్ళాను. సత్తెమ్మత్త మాట్లాడనివ్వలేదు. పది మంది ముందు అదే శాలువా తీసి నా భుజాల మీద కప్పి, “మా కాలనీ రచయిత!” అని చప్పట్లు కొట్టించింది.

“నేనేం రాసినత్తా?” అన్నాను.

“గుడ్లగూబలు రాసినవ్ గదా! ఎస్సై సారు ఠాణల అందరికి సదివి వినిపిస్తే కడుపులు పట్కోని నవ్విన్రట. గంత కష్టంల ఉండి నవ్వించినోనివి, ఇగ ఊకుంటవా? రాస్తవు. మాట తప్పే మొఖం గాదు నీది.”

ఆమె మంత్రం ముందే తెలుసు. కళ్ళ ముందే ముగ్గురి మీద పనిచేయడం చూశాను. అయినా నాలుగో వాణ్ణయ్యాను. ఆ రాత్రే కాగితం ముందు పెట్టుకున్నాను, ఇప్పటికీ లేవలేదు. వింతేమిటంటే, అందరి దగ్గరా వెనక్కి లాక్కున్న ఆ శాలువాను నా దగ్గర మాత్రం అడగలేదు. రెండు మూడు సార్లు నేనే తీసుకెళ్ళి ఇవ్వబోతే, “నీ పని ఇంక కాలే” అని మోటారు మొదలుపెట్టేది.

పోయిన వానాకాలం ఆమె వెళ్ళిపోయింది. రెండు ఠాణాల నుంచీ ఒక్కో దండ వచ్చింది, రెంటి మీదా పిండి రాలలేదన్నదే లోటు. సందులో దీపాలు ఇప్పటికీ పొద్దుగూకగానే వెలుగుతున్నాయి. స్వరూప ఇప్పుడు ఆ ఫ్లోరంతటికీ ఇన్‌ఛార్జి. నిన్న నేను శాలువా పట్టుకుని నిలబడి ఉంటే ఆమె వెనకనుంచి వచ్చి, నా చేతిలో సకినాల డబ్బా పెట్టి వెళ్ళింది. శాలువాను మడిచి యథాస్థానంలో పెట్టి వచ్చి రాయడానికి కూర్చున్నాను. బీరువా తలుపు మూసే ఉంది. భుజం మీద మాత్రం ఆ జరీ అంచు ఇంకా గుచ్చుతూనే ఉంది.