పది కిలోల ఊటీ

ఆ రోజుల్లో పెట్టె కట్టడంలో నన్ను మించినవాడు పలాసలోనే లేడని నాకు గట్టి నమ్మకం. జీడిపప్పు ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్ నాది. పప్పును వెండిరంగు సంచిలో పోసి, మిషన్‌తో గాలి లాగేసి, సీలు వేసి, అట్టపెట్టెలో దించి, పట్టీ బిగించి, లేబులు అంటించేదాకా నా చెయ్యి పడాల్సిందే. పెట్టె పది కిలోలు తూగాలి. పిసరు తగ్గితే నాకు ఆ పూట అన్నం సయించేది కాదు. (ఇంట్లో బియ్యం డబ్బా అడుగంటిందని అమ్మ ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కేది కాదు, అది వేరే సంగతి.) కొత్తగా పెళ్లయినవాడికి భార్య ముందు చూపించుకోవడానికి ఏదో ఒక విద్య ఉండాలి కదా, నాకున్నది అదొక్కటే.

మా ఆవిడది కవిటి. మేనత్త కూతురే, అందుకని పెళ్లయ్యాక కూడా నన్ను బావా అనే పిలుస్తుంది, కోపం వస్తే కాస్త గట్టిగా. పెళ్లయిన కొత్తలో పూరీ బయల్దేరాం. అమ్మ సర్ది ఇచ్చినవి ఐదు శాల్తీలు, అందులో ఒకటి పనసపండు. పాసింజరు కదిలేసరికి ఆవిడా కొన్ని సంచులూ లోపల ఉన్నాయి, నేనూ పనసపండూ ప్లాట్‌ఫారం మీద ఉన్నాం. పాపం పక్క స్టేషను సుమ్మాదేవిలో దిగిపోయి, ఆటో మాట్లాడుకుని ఇంటికొచ్చింది. మా పూరీ యాత్ర అంతటితో పూర్తయింది.

మరుసటి ఏడు ఊటీ అనుకున్నాం. "సూడు బావా, ఈపాలి ఒకే పెట్టి. రెండోది కనిపించిందంటే నాను కవిటి ఎల్లిపోతాను. నువ్వూ నీ పనసపండూ ఊటీ ఎల్లండి" అని ముందే చెప్పేసింది. ఆవిడ పట్టుదలకు కారణం ఉంది. ఆ వానాకాలమంతా ఫోన్లో చూసి నేర్చుకుని ఊలుతో రెండు ఎర్ర స్వెట్టర్లు అల్లింది, తనకొకటి, నాకొకటి. మా ఉద్దానంలో స్వెట్టరు తొడుక్కునేంత చలి ఎప్పుడేడ్చింది? ఇరుగుపొరుగు ఆడవాళ్లు "కొబ్బరిసెట్లకి తొడుగుతావేటే?" అని నవ్వారు. ఆవిడకి ఒకటే పంతం. ఊటీలో ఆ స్వెట్టర్లు వేసుకుని ఫొటో దిగి వాళ్లందరికీ చూపించాలి, అంతే.

తీరా సర్దబోతే స్వెట్టర్లూ దుప్పట్లూ చీరలూ ప్యాంట్లూ కలిపి, అమ్మ ఎక్కి కూర్చున్నా సూట్‌కేసు మూతపడలేదు. అప్పుడు నా విద్య గుర్తొచ్చింది. సావుకారినడిగి బట్టలన్నీ ఫ్యాక్టరీకి తీసుకెళ్లాను. వెండిరంగు సంచిలో పెట్టి గాలి లాగితే అప్పడంలా అణిగిపోయాయి. అట్టపెట్టెలో దించి తూచాను. కాస్త తక్కువొచ్చింది. బట్టలకు తూకమేమిటని ఇంకొకడైతే ఊరుకునేవాడు. నేను రెండు తువ్వాళ్లూ, అమ్మ చేసిన కొబ్బరి లౌజూ పడేసి సరిగ్గా పది కిలోలు చేశాను. పట్టీ బిగించాను. లేబులు లేని పెట్టె బొట్టు లేని మొహంలా కనిపించింది. 'మొదటి రకం గుండు' అని అంటించాను. (విరగని నిండు పప్పును మేం గుండు అంటాం.) గోడ పక్కన సరుకు పెట్టెల వరసలో పెట్టి టీకి వెళ్లొచ్చి, అక్కడ మిగిలిన ఒక్క పెట్టెను ఆటోలో వేసుకుని ఇంటికొచ్చాను. ఆ టీ వేళలో రాజమండ్రి లారీ లోడింగ్ జరిగింది. ఒక కలాసీకి అనుమానం కూడా వచ్చిందట. "ఇది మన సరుకేనా మావా?" అంటే, రెండోవాడు "ఆ పట్టీ సూడు, లేబులు సూడు. ఇంత సుబ్బరంగా ఇంకెవుడు కడతాడు?" అన్నాడట. నా పనితనానికి అంతకు మించిన మెప్పు మళ్లీ దొరకలేదు.

ఊటీ గదిలో ఆవిడ పళ్లు టకటకలాడిస్తూ నిలబడింది. నేను దర్జాగా పట్టీ కోసి మూత తీసి సంచి మీద చెయ్యి వేశాను. వెయ్యగానే తెలిసిపోయింది.

"ఏటయింది బావా?"

"ఏం లేదు. సరుకు మంచిదే" అన్నాను.

ఆవిడ వంగి చూసింది. మూత మళ్లీ వేసి, లేబులు పైకి చదివింది. ఏడ్చినా బాగుండుననిపించింది. బజార్లో వేరేవి కొందామంటే "నానల్లినవి ఉండగా కొంటానేటి? సచ్చినా కొనను" అంది. కాసేపటికి "పోనీ ఆ పప్పయినా పెట్టు, తింటాను" అంది. "సీలు తీస్తే మెత్తబడిపోద్ది. సావుకారి సరుకు" అన్నాను. ఆవిడ చూసిన చూపు ముందు ఊటీ చలి ఏపాటిది? అలా హోటలువాళ్ల దుప్పట్లు కప్పుకుని, పది కిలోల పప్పును మధ్యలో పెట్టుకుని, కిటికీలోంచి పొగమంచు చూస్తూ కూర్చున్నాం.

సాయంత్రం రాజమండ్రి షాపాయన ఫోను. సావుకారి దగ్గర నా నంబరు తీసుకున్నాడు. "ఏవండీ, మీ గుండు పెట్టె విప్పితే ఎర్ర స్వెట్టర్లొచ్చాయండీ. ఎవరల్లారో గానీ మంచి పనిమంతులండీ. మా ఆవిడ తొడుక్కుని అద్దం ముందు నుంచి కదలట్లేదు" అన్నాడు. మా ఆవిడ ఫోను లాక్కుని "ఒక ఫొటో పంపించండి, సూత్తాను" అంది. వచ్చింది. రాజమండ్రి ఉక్కలో ఆ దంపతులిద్దరూ ఎర్ర స్వెట్టర్లు తొడుక్కుని, చెమటలు కారుతూ, బుద్ధిగా నిలబడ్డారు. మా ఆవిడ మంచం మీద పడి నవ్వింది. నవ్వి నవ్వి చివరికి కళ్లు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడంలో నవ్వెంతో ఏడుపెంతో నాకు తెలీలేదు గానీ, నా ప్రాణం మాత్రం కుదుటపడింది. ఊరొచ్చాక ఆడవాళ్లు ఊటీ ఫొటో ఏదని చుట్టుముడితే ఆ ఫొటోయే చూపించింది. "నానల్లినవే. మీరు నవ్వినారు గానీ, రాజమండ్రిలో ఎలాగ తొడుక్కున్నారో సూడండి" అంది.

ఇప్పుడు మా ఇంట్లో చక్రాల సూట్‌కేసులున్నాయి. సర్దడం ఆవిడ పని, మొయ్యడం నా పని. మొన్న అరకు ప్రయాణానికి సర్దుతుంటే, "అప్పుడా స్వెట్టర్లు ఒంటి మీదే వేసుకుని రైలెక్కితే సరిపోయేది కదే. జనం పిచ్చోళ్లనుకుంటారని వేసుకోలేదు గావాల" అన్నాను.

"పది కిలోల పప్పు ఊటీ మోసుకెల్లి, ఒక్క బద్దయినా తినకుండా తిరిగి తెచ్చినోడివి. ఆ పైన కొత్తగా ఏటనుకుంటారు బావా?" అంది.

నిజమే. తువ్వాలు వేసి తూకం సరిచేసిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నాకూ నవ్వొస్తుంది. కాస్త ముద్దు కూడా వస్తాడు, ఆవిడ దగ్గర మాత్రం అనను.