మధ్య గూట్లోని ముద్ర

నగరపాలక సంస్థ కార్యాలయంలో ఆయన్ని అందరూ ‘చూద్దాం గారు’ అనేవాళ్లు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆయనా నిక్షేపంగా పలికేవాడు.

ఆయన పని వినడానికి తేలికే. రాష్ట్రంలో ఏ కొత్త బిల్లు వచ్చినా, అందులో టెండర్ల ఊసో కాంట్రాక్టుల ఊసో ఉంటే, దాని మీద నగరం మాటేమిటో కాగితం రాసి, ముద్ర కొట్టి, శాసనసభ కమిటీకి పంపాలి. ముద్రలు మూడు: ‘సమర్థిస్తున్నాం’, ‘గమనిస్తున్నాం’, ‘వ్యతిరేకిస్తున్నాం’. బల్ల మీద చెక్క స్టాండులో మూడు గూళ్లు. ఇరవై ఆరేళ్లుగా ఆయన చెయ్యి మధ్య గూటిని వదిలి పక్కకు పోలేదు. గమనించేవాణ్ణి ఎవరేమంటారు! చూపు కాగితం మీంచి ఎత్తకుండానే ముద్ర అందుకునేంత అలవాటైపోయింది.

అలాగని మనిషికి బుర్ర లేదనుకునేరు. ప్రతి బిల్లునూ అక్షరం వదలకుండా చదివేవాడు. ఇంటికొచ్చి భార్య ముందు ఏకిపారేసేవాడు.

“మరి ఆఫీసులో ఏమన్నారు?” అనేది ఆమె.

“గమనిస్తున్నామన్నాను.”

ఇంట్లోనూ ఇదే గోడమీద పిల్లి వాటం. ఆమె చేతిలో మంచి కుట్టుపని ఉంది. వీధి చివర గది ఖాళీ అయినప్పుడల్లా “దుకాణం పెట్టుకోనా?” అని అడిగేది. పెళ్లైన కొత్తలో అడిగితే “చూద్దాం” అన్నాడు. సైకిళ్లు బాగుచేసేవాడు వచ్చి చేరాడు. పిల్ల బడికెళ్లాక అడిగితే “చూద్దాం” అన్నాడు. ఈసారి మందుల షాపు వచ్చింది. ఈ ఏడాది అదీ ఖాళీ చేస్తే మూడోసారి అడిగింది. ఏమన్నాడో మళ్లీ చెప్పాలా?

ఇంతలో నగర చిహ్నం మారిందని ముద్రలన్నీ కొత్తవి కొన్నారు. అన్నింటికంటే తక్కువ ధర చెప్పినవాడి దగ్గరే కొన్నారు. పాతవాటికి మూడు రంగుల పిడులుండేవి, వీటికి మూడింటికీ నలుపే. అటెండరు వాటిని తోచిన వరసలో గూళ్లలో పెట్టి చేతులు దులుపుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఒక బిల్లొచ్చింది. ఇకమీదట టెండర్లలో ధర తప్ప ఇంకేమీ చూడకూడదట, పాత పని ఎలా చేశాడని అడగనే కూడదట. చూద్దాం గారు చదివి పళ్లు నూరాడు. నూరుతూనే మధ్య గూట్లో చెయ్యి పెట్టి టపీమని ముద్ర కొట్టి కౌన్సిలు ఆమోదానికి పంపేశాడు. ఆయన కాగితంలో ఏముంటుందిలే అని కౌన్సిలు సభ్యులూ చదవకుండానే చేతులెత్తి కమిటీకి సాగనంపారు.

పది రోజులకు కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. రాష్ట్రం మొత్తం మీద ఈ బిల్లును వ్యతిరేకించిన నగరం మీదొక్కటే, వచ్చి వివరించండి అని. చూద్దాం గారు మధ్య గూట్లోని ముద్ర తీసి తిరగేసి చూశాడు: ‘వ్యతిరేకిస్తున్నాం’.

కమిషనర్ మేడమ్ తల పట్టుకుంది. “ఆ బిల్లు తెచ్చింది ఎవరనుకున్నారు? మన మంత్రిగారే! మీకింకా ఎనిమిది నెలలే కదండీ సర్వీసు. పొరపాటైందని చెప్పి, వాళ్ల ముందే ముద్ర మార్చి రండి. లేదంటే ఎంక్వైరీ తప్పదు, పెన్షన్ ఆగిపోతుంది.”

ఆయన ముద్రనూ సిరా పెట్టెనూ సంచిలో వేసుకుని వెళ్లాడు. కమిటీ హాల్లో అందరూ చూస్తుండగా ‘గమనిస్తున్నాం’ గట్టిగా అదిమాడు. ఎత్తితే పిడి ఒక్కటే చేతిలోకి వచ్చింది. రబ్బరు కాగితానికే అతుక్కుపోయింది. హాలంతా గొల్లుమంది.

“ఎక్కడ కొన్నారండీ ఇది?” అన్నాడు అధ్యక్షుడు కళ్లు తుడుచుకుంటూ.

చూద్దాం గారికి తల కొట్టేసినట్టయింది. ఆ వెంటనే ఎక్కడలేని కోపమూ వచ్చింది. “అందరికంటే తక్కువ ధర చెప్పినవాడి దగ్గరండీ. పాతది ఇరవై ఆరేళ్లు పనిచేసింది. ఇది నెలకే ఊడింది. ముద్ర ఊడితే నవ్వుకున్నాం. రేపు వంతెనలు కూడా ఇలాగే కట్టించమంటోందండీ మీ బిల్లు.”

నవ్వులు ఆగిపోయాయి. “అయితే మీ నగరం మాటేమిటి?” అని అడిగాడు అధ్యక్షుడు.

ఎనిమిది నెలలూ, పెన్షనూ ఆయన కళ్ల ముందు తిరిగాయి.

“వ్యతిరేకిస్తున్నామండీ. అది పొరపాటు కాదు.”

బిల్లు సవరణకు వెనక్కి వెళ్లింది. ఎంక్వైరీ ఫైలు మాత్రం పై అధికారుల దాకా పోయి, ‘గమనిస్తున్నాం’ అన్న రాతతో తిరిగొచ్చింది.

కానీ ఆ సాయంత్రం ఆయనకు అదేమీ తెలియదు. బస్సు దిగి తిన్నగా వంటింట్లోకే వెళ్లాడు.

“ఏమేవ్, వీధి చివర గది తీసేసుకో. దుకాణం పెట్టు. ఎన్నాళ్లు చూస్తాం?”

ఆమె మేకుకు తగిలించిన తాళంచెవి తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

“నెల్లాళ్లయింది తీసుకుని, బోర్డు కూడా పెట్టి. రోజూ ఆ గది ముందే కదండీ బస్సెక్కుతారు. గమనిస్తారనుకున్నాను.”