కాస్త ఆలస్యంగా చూపించే అద్దం

పడగొట్టే ఇళ్లలో పాత అద్దాల చట్రాలు కొని, నునుపు చేసి, రంగు వేసి ఆన్‌లైన్‌లో అమ్మడం ఆవిడ పని. ప్రతి ఫొటో కిందా "చట్రం మాత్రమే, అద్దం ఉండదు" అని రాస్తుంది. అయినా పార్సిల్ విప్పగానే అద్దం ఏదని పోట్లాటకొచ్చేవాళ్లే ఎక్కువ. "జనానికి కళ్లున్నది బొమ్మలు చూడ్డానికే," అంటాడు పార్సిళ్లు కట్టే భర్త.

ఒకామె మాత్రం చట్రం అందాక ఇలా రాసింది: "అద్దం బాగుంది. కాస్త ఆలస్యంగా చూపిస్తోంది, అంతే."

ఆవిడ ఆమెకి ఫోన్ చేసింది. "అమ్మా, అందులో అద్దం లేదు. కింద రాశాను కదా."

"అంత రాత ఎవరు చదువుతారండీ? ఉండండి, ఫొటో పంపుతా."

ఫొటోలో గోడకి చట్రం, చట్రంలో తడి జుట్టు తుడుచుకుంటున్న ఓ నడివయసు స్త్రీ.

"అది నేనే. తలస్నానం పొద్దున చేశాను. ఇప్పుడు చూపిస్తోంది."

"ఒక్కసారి మేం రాసింది చదవండి," అంది ఆవిడ.

మర్నాడు ఆమే ఫోన్ చేసింది. గొంతు నీరసంగా ఉంది. "చదివానండీ. అప్పట్నుంచీ వట్టి గోడే కనిపిస్తోంది."

"తిరిగి పంపెయ్యండి, నేను తీసుకుంటాను."

"ఎలా పంపను? నిన్న సాయంత్రం దాని ముందు కూర్చుని జడ వేసుకున్నాను. అది ఇంకా చూపించలేదు, ఆ నేను లోపలే ఉండిపోయాను. నేను బయటికొచ్చేదాకా ఇక్కడే ఉండనీయండి."