ఆయుధ పూజకు ఆపిన స్విచ్చు

కరోనా తగ్గి ఫ్యాక్టరీలు మళ్ళీ పూర్తిగా తెరిచిన ఏడాది, జహీరాబాద్ నుంచి చిరాగ్‌పల్లి పోయే దారిలోని ఒక యంత్ర భాగాల ఫ్యాక్టరీలో నన్ను ఊడ్చే పని నుంచి సర్వర్ గదికి మార్చారు. హోదా అటెండరు. గది తాళం తీయడం, ఏసీ చలి ఎంత ఉందో రెండు పూటలా పుస్తకంలో ఎక్కించడం, దుమ్ము తుడవడం, ఇంజనీరు పని చేస్తుంటే టార్చి పట్టడం, ఇదీ నా డ్యూటీ. చదివింది ఐదో తరగతి. రిటైరయ్యేదాకా ఆ గదిలోనే ఉన్నాను.

ఆ గదిలో ఒక ఇనుప ర్యాకు, అందులో స్విచ్చు. స్విచ్చంటే గోడకుండే బటన్ కాదు. పొడుగాటి పలచని పెట్టె, ముందు వైపు నలభై ఎనిమిది రంధ్రాలు. వాటిని పోర్టులంటారు. గేటు దగ్గరి హాజరు మిషను, లారీలు తూచే కాంటా, కెమెరాలు, ఆఫీసు కంప్యూటర్లు, అన్నిటి తీగలూ అక్కడికే వస్తాయి. ఎవరు ఎవరితో మాట్లాడాలో ఆ పెట్టే నిర్ణయిస్తుంది. కెమెరాలను ఒక గుంపు, ఆఫీసును ఒక గుంపు చేస్తారు. ఆ గుంపును వీల్యాన్ అంటారు, ప్రతిదానికీ ఒక నంబరు. ఒకటే పెట్టె, లోపల గోడలేమీ లేవు, అయినా ఒక గుంపు మాట ఇంకో గుంపు చెవిన పడదు. ఎన్నేళ్ళయినా నాకది వింతగానే ఉండేది.

ఇంజనీరు ఇమ్రాన్ సార్‌ది బీదర్ వైపు. అప్పటికి ప్రొబేషన్‌లో ఉన్నారు. దసరా తరువాతి వారం ఆయన పర్మనెంటు కాగితం రావాలి. మార్పు చేసినప్పుడల్లా ఆయన పోర్టు నంబరు, మిషను పేరు, వీల్యాన్ నంబరు పైకి చెప్పేవారు. నేను తీగ పట్టుకొని అదే తిరిగి చెప్పేదాన్ని. తప్పు తీగ పట్టలేదని రూఢి చేసుకోవడానికి అది మా పద్ధతి.

ఆయుధ పూజ నాడు మా దగ్గర ఏ మిషనునైనా ఆపి, తుడిచి, బొట్టు పెట్టి, రెండో షిఫ్టుకు మళ్ళీ లేపాలి. నడిచేదానికి బొట్టు పెట్టడం తప్పు. కింద షెడ్డులో ఇనుము చెక్కే లేతు మిషన్లన్నీ ఆగాయి. నేనూ స్విచ్చుకు కరెంటు తీసి, పొడిబట్టతో తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, ముందు నిమ్మకాయ ఉంచి, మళ్ళీ కరెంటు ఇచ్చాను. ఇమ్రాన్ సార్ ఇంకా రాలేదు. ఆపొద్దని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

లైట్లన్నీ వెలిగాయి. గేటు మిషను మాత్రం పలకలేదు. కాంటా పలకలేదు.

పదకొండుకు ఇమ్రాన్ సార్ వచ్చి, ల్యాప్‌టాప్ తీగ స్విచ్చుకు పెట్టి చూశారు. సంగతి ఆయన చెబితేనే తెలిసింది. స్విచ్చుకు రెండు కాన్ఫిగరేషన్ ఫైళ్ళుంటాయి. ఒకటి నడిచేది, కరెంటు ఉన్నంతసేపే బతుకుతుంది. రెండోది దాచింది, కరెంటు పోయినా నిలుస్తుంది. మార్పు చేస్తే వెంటనే పనిచేస్తుంది గానీ, దాచమని వేరే చెబితేనే రెండోదాంట్లోకి ఎక్కుతుంది. పది నెలల మార్పులు ఆయన దాచలేదు. బ్యాటరీ ఉండటం వల్ల అన్నాళ్ళూ ఆ పెట్టె ఒక్కసారీ ఆరలేదు, కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఇప్పుడది బిగించిన మొదటి రోజుకు పోయి కూర్చుంది.

"కరెంట్ ఎవరు తీసిన్రు?"

"నేనే తీసిన సార్. బొట్టు పెట్టెతందుకు."

ఆయన నిమ్మకాయ వైపు చూశారు. "దానికి దిష్టి తీసినవ్ బాలమ్మక్కా, అది నాకు తగిలింది."

మధ్యాహ్నం రెండింటికి రెండో షిఫ్టు. సరుకు నింపిన లారీలు కాంటా దగ్గర నిలబడ్డాయి. రెండింటికల్లా అది లేవకపోతే తన కాగితం రాదన్నారు. ఏ పోర్టులో ఏముందో రాసిన పటం పాతది. తీగల వెంబడి పోయి వెతికితే రెండు దినాలు.

"నాకు యాదికున్నయి సార్."

"నలభై ఎనిమిదా?"

"వాడేటియి నలభై ఒకటి. వరుసగ రావు. దినాలబట్టి చెప్త, జర మీరే సర్దుకోండ్రి."

నేను కోహీర్ జామకాయలు తెచ్చిన దినం పెట్టినవి పోర్టులు ఇరవై రెండు, ఇరవై మూడు, కెమెరాలు, వీల్యాన్ నలభై. ఆయన జొన్నరొట్టె కారంతో తిని నీళ్ళకు ఉరికిన దినం పోర్టు తొమ్మిది, హాజరు మిషను, వీల్యాన్ ఇరవై. "అది యాదుంచుకునుడు జరూరా అక్కా?" అంటూనే టైపు చేశారు. నంబరు మార్చగానే ఆ పోర్టు లైటు నారింజ రంగుకు తిరిగి, అరనిమిషం ఆగి, ఆకుపచ్చగా మారేది. పంపిన మాట సుడి తిరిగి తన దగ్గరికే వచ్చే దారేదైనా ఉందా అని స్విచ్చు ఆ అరనిమిషం చూసుకుంటుందట. ఒక్కొక్క దీపం తనను తాను సరిచూసుకొని పచ్చబడుతుంటే నేను తరువాతి తీగ పట్టుకున్నాను.

కాంటా లైటు కూడా పచ్చబడింది. కాంటా పలకలేదు. పచ్చలైటంటే తీగ బతికి ఉందని మాత్రమే, సరైన గుంపులో పడిందని కాదు. ఒంటిగంటా ముప్పావు. కాంటాకు వీల్యాన్ ఇరవై అని చెప్పింది నేనే. కళ్ళు మూసుకొని ఆ దినం మళ్ళీ తలచుకున్నాను.

"మొదలు ఇరవయ్యే పెట్టిన్రు సార్. హాజరు మిషన్లతోని కలిస్తె కాంటా ఆగుతున్నదని, నాలుగు దినాలకు ముప్పై చేసిన్రు."

ముప్పై కొట్టారు. అరనిమిషం. కాంటా గదిలోంచి ఫోను వచ్చింది, బరువు కనబడుతున్నదని. అప్పుడు ఆయన దాచమనే ఆ రెండు మాటలు కొట్టి, స్క్రీను నాకు చూపించారు. పది నెలలు కొట్టనిది అదే.

ప్లాంటు మేనేజరు వచ్చి కారణం అడిగారు. కరెంటు తీసింది నేనన్నాను. దాచనిది తానని ఇమ్రాన్ సార్ అన్నారు. ఇద్దరి తప్పూ రాసిమ్మన్నారు, రాసిచ్చాం. నాకు మెమో వచ్చింది. ఆయన పర్మనెంటు కాగితం నెల ఆలస్యంగా వచ్చింది.

మరుసటి దసరాకు స్విచ్చుకు కరెంటు తీయమని ఇమ్రాన్ సారే నాకు చెప్పారు. తీసి, ఇచ్చాను. నాలుగు నిమిషాల్లో గేటు పలికింది, కాంటా పలికింది. మిషను నడుస్తుంటే అంతా బాగుందనుకుంటాం. ఆపి, మళ్ళీ లేపి చూస్తేనే దానికి ఏం గుర్తుందో తెలుస్తుంది.