గొడుగు తిప్పిన సంపాదకుడు

దోహాలోని ఒక గ్రంథాలయంలో పాత పత్రికల పేజీలు ఎక్కించిన మైక్రోఫిల్ములు చూసి, ఏ సంచికలో ఏముందో వివరాలు రాయడం నా ఉద్యోగం. ఒక ఏడాది నా వంతుకు అమెరికా అంతర్యుద్ధం నాటి పత్రికలు వచ్చాయి. ఉత్తరానికీ దక్షిణానికీ సరిహద్దులో, నది ఒడ్డునున్న ఒక చిన్న ఊరి వారపత్రిక వాటిలో ఒకటి.

దాని సంపాదకుడు మొదట దక్షిణాది పక్షం. ఉత్తరాది సైనికుల్ని దొంగలన్నాడు, తాగుబోతులన్నాడు. పక్క ఊళ్ళో వాళ్ళ తరఫున రాసే మరో సంపాదకుడి అచ్చుయంత్రాన్ని జనం విరగ్గొట్టి, అచ్చు అక్షరాలన్నీ నదిలో పారబోస్తే, పెళ్ళి కబురు రాసినంత సంబరంగా రాశాడు. కొన్నాళ్ళకు ఉత్తరాది సైన్యం ఆ ఊరి రేవులో పడవలు దిగింది. ఆ వారం సంచిక తిప్పాను. అదే పత్రిక, అదే సంపాదకుడు. దొంగలు కాస్తా వీరులైపోయారు. ఎందుకు మారాడో ఒక్క ముక్క సంజాయిషీ లేదు.

మారనిది ఒక్కటే. పారిపోయిన బానిసను పట్టి ఇస్తే బహుమానం ఇస్తామన్న ప్రకటన. కర్రకు మూట తగిలించుకుని నడుస్తున్న చిన్న మనిషి బొమ్మతో సహా, రెండు సంచికల్లోనూ ఒకే చోట ఉంది. ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా పక్కన పెట్టి, ఆ రెండు పేజీలే మళ్ళీ మళ్ళీ తిప్పి చూశాను.

ఇక్కడ మన తెలుగువాళ్ళకొక మాసపత్రిక ఉంది. దాని సంపాదకుడు నిజామాబాద్ వైపు మనిషి. మన రాష్ట్రంలో ఎన్నికల ముందు దాకా అధికారంలో ఉన్న నాయకుణ్ణి ఆకాశానికెత్తి, ఫలితాలు రాగానే గెలిచినవాళ్ళను అంతకంటే పైకెత్తాడు. ప్రత్యేక సంచికకు వ్యాసం ఇమ్మని ఆయన అడిగితే, నేను ఆ నది ఒడ్డు సంపాదకుడి గురించే రాసిచ్చాను. ఏ ఎండకా గొడుగు పట్టాడనీ, బానిసల ప్రకటన మాత్రం మార్చలేదనీ కూడా రాశాను.

నాలుగు రోజుల తర్వాత పిలిపించాడు. అల్ దోహా అల్ జదీదా పేటలో ఒక దుకాణం పై గదిలో ఆయన ఆఫీసు. టీ తెప్పించాడు.

"అక్కా, శానా మంచిగ రాసినవ్. గా గొడుగు ముచ్చట తీసేద్దాం. చదివినోళ్ళు నన్నే అన్నవనుకుంటరు."

"మిమ్మల్ని అనలేదండీ. ఆయన పోయి వందేళ్ళు దాటింది."

"నాకెర్కనే. జనాలకు ఎర్క లేదు గద. ఇగ గా బానిసల ప్రకటన గూడ వద్దు. మనకు కంపెనీలోళ్ళు యాడ్స్ ఇస్తరు. లొల్లి ఎందుకు?"

ఆయన ముందున్న బల్ల మీద ఆ సంచిక చివరి పేజీ నమూనా పరచి ఉంది. అందులో కూలీలు వేసుకునే నీలం కవరాల్ తొడుక్కున్న ఒక కుర్రాడి ఫొటో. ఇతను కంపెనీ విడిచి పారిపోయాడనీ, ఎవరూ పని గానీ చోటు గానీ ఇవ్వకూడదనీ, కనిపిస్తే ఫోన్ చెయ్యమనీ కింద తెలుగులో రాసి ఉంది.

"ఇదేమిటండీ?" అన్నాను.

"అబ్‌స్కాండ్ కేసు అక్కా. పైసలిచ్చిండ్రు, ఏసుడే."

"ఎందుకు పోయాడో కనుక్కున్నారా?"

"గది మన పని గాదు."

నా వ్యాసం వెయ్యొద్దని చెప్పి, టీ ముట్టకుండా మెట్లు దిగాను.

వేశాడు. నా పేరుతోనే వేశాడు. బానిసల ప్రకటన మాట లేదు. గొడుగు పట్టిన మనిషి 'దేశకాల పరిస్థితులు గుర్తెరిగిన దూరదర్శి' అయిపోయాడు. గెలిచిన పార్టీ పెద్దమనిషి ఒకాయన దోహా వస్తే, హోటల్ హాల్లో సభ పెట్టి ఆ సంచికను ఆయన చేతే ఆవిష్కరింపజేశాడు. నాలుగు మాటలు ముఖాన అనాలనే వెళ్ళాను. ఓడిపోయిన నాయకుడికి సంపాదకుడు పోయినేడాది ఏ పొగడ్తలు చదివాడో, పేరొక్కటి మార్చి అవే చదివాడు. జనం చప్పట్లు కొట్టారు. పక్క సీటావిడ నా చెయ్యి పట్టుకుని, "ఎంత బాగా రాశారండీ!" అంది. ఆ చెయ్యి విదిలించుకోవాలనిపించింది.

సభ అయ్యాక సంపాదకుడికి అడ్డంగా నిలబడ్డాను.

"నేను రాయని మాట నా పేరు కింద ఎందుకు వేశారు? అది తప్పని వచ్చే సంచికలో రాయండి."

పక్కనున్న వాళ్ళు చటుక్కున ఇటు తిరిగారు. ఆయన ముఖంలో రవ్వంత కంగారు లేదు. నవ్వుతూ ప్లేట్ల వైపు చెయ్యి చూపించాడు.

"ముందుగాల బిర్యానీ తిను అక్కా. మాటలు ఎప్పుడైన ఉంటయ్."

మదీనత్ ఖలీఫాలోని ఇంటికొచ్చి, నేను రాసింది రాసినట్టు మా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేలోపే నన్ను అందులోంచి తీసేశారు. "నీకిది అవసరమా?" అన్నారు మా ఆయన. వ్యాసం చదివాక మాత్రం మళ్ళీ ఆ మాట అనలేదు. కొందరు విడిగా దణ్ణం బొమ్మలు పంపారు. బయటికి ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ దణ్ణాలు చూస్తే సంపాదకుడి మీదకన్నా ఎక్కువ రోత పుట్టింది. ఆయన కనీసం వేదికెక్కి తన పని తాను చేశాడు.

పత్రిక ఇంకా నడుస్తోంది. కిరాణా కొట్టులో సరుకులతో పాటు ఊరికే ఇస్తారు. "నాకొద్దు బాబూ" అంటూనే ఉంటాను. "ఫ్రీయే కదా మేడం" అంటూ కొట్టతను సంచిలో దూరుస్తూనే ఉంటాడు.