గీజరుకి కొట్టిన తుమ్మ మేకు

నా చిన్నప్పుడు మా అమ్మ మెడ ఎడమ పక్కకి వాలి ఉండేది. బిందెలు మోసీ మోసీ అలా అయింది. అంతకుముందు ప్రత్తిపాడు వైపు మిరపకాయ కోతలకి వెళ్ళేది. ఆ ఘాటుకి దగ్గు పట్టుకుని ఎంతకీ వదల్లేదు. ఇంకో ఏడు మిరప చేలో దిగితే నీ పిల్లని చర్చివాళ్ళు పెంచాల్సి వస్తుందని మా పాస్టరుగారి భార్య మొహం మీదే చెప్పి, నల్లపాడులో ఒక లెక్చరరుగారి ఇంట్లో పనికి కుదిర్చింది. నాకప్పుడు పదేళ్ళు. నన్ను బడికి పంపాలని ఎవరికీ తోచలేదు, పంపమని నేనూ అడగలేదు. అక్షరాలు ముప్పై దాటాక నేర్చుకున్నాను. అమ్మ వెంట ఆ ఇంటికి వెళ్ళి చిన్నాచితకా పనులు చేసేదాన్ని.

ఆ ఇంటి డాబా మీద సిమెంటు తొట్టి ఉండేది. బావి దగ్గర మోటారు వేస్తే తొట్టి నిండాలి. కానీ కరెంటు ఎప్పుడూ నీరసంగా వచ్చేది. బల్బు గుడ్డిగా వెలిగేది, స్నానాలగదిలో గీజరు నిదానంగా వేడెక్కేది, మోటారు మాత్రం కాసేపు మూలిగి ఊరుకునేది. అప్పుడు మా అమ్మ చేదతో తోడి, బిందె నెత్తిన పెట్టుకుని, మెట్లెక్కి తొట్టి నింపేది. ఆ నీళ్ళే గొట్టంలోంచి దిగి గీజరులోకి వెళ్ళేవి. ఆ వీధిలో అదే మొదటి గీజరు. చూడ్డానికి వచ్చిన చుట్టాలకి అమ్మగారు కుళాయి తిప్పి చూపించేది.

గీజరు కింద వేలెడంత ఇత్తడి ముక్కు ఒకటి ఉండేది. నీళ్ళు కాగుతున్నంతసేపూ దాంట్లోంచి చుక్క చుక్క కారేది. తుడిచిన నేల తడిసిందని అమ్మగారు మా అమ్మని రోజూ దెప్పేది. నేను ఆ ముక్కు కింద చెంబు పెట్టి చూశాను. స్నానాలన్నీ అయ్యేసరికి చెంబు నిండింది. నా కళ్ళకి అది చెంబెడు నీళ్ళు కాదు, మా అమ్మ మెడ. ఇంత కష్టపడి పైకి మోస్తుంటే ఈ ఇత్తడిది ఊరికే పారబోస్తుందా అని కడుపు మండింది.

తుమ్మ కొమ్మ విరిచి మేకు చెక్కాను. మిల్లుకి వెళ్ళే పత్తిబళ్ళు రోడ్డు వెంట కంపచెట్లకి రాసుకుపోతుంటే ముళ్ళకి పత్తి తగులుకుని ఉండేది. అది తెచ్చి మేకుకి చుట్టి, బకెట్టు బోర్లించి ఎక్కి, ఆ ముక్కులో పెట్టి రాయితో కొట్టాను. కారడం ఆగిపోయింది. ఎవరికీ చెప్పలేదు. మర్నాడు అమ్మగారు నేల తడి గురించి ఏమీ అనలేదు. మా అమ్మకి ఒక తిట్టు తప్పించానని లోలోపల పొంగిపోయాను.

పది పన్నెండు రోజులు అలా గడిచాయి. ఒకరోజు పొద్దున మా అమ్మ స్నానాలగదిలోంచి తడిబట్టల తపేలా ఎత్తుకుని పెరట్లోకి వచ్చింది. తీగ మీద మొదటి చీర వేస్తుండగా లోపల లారీ టైరు పేలినట్టు మోత మోగింది. వెళ్ళి చూస్తే గది నిండా ఆవిరి. గీజరు రేకు ఊడి కిందపడింది, లోపలి రాగి డబ్బా అతుకు వెంట చీలిపోయింది, సలసల కాగే నీళ్ళు గోడల మీద నుంచి జారుతున్నాయి. ఇంకో రెండు చీరలు పిండేదాకా మా అమ్మ లోపలే ఉండి ఉంటే ఏమయ్యేదో నాకప్పుడే తెలిసింది. అమ్మగారి కూతురు పురుడు పోసుకుని మర్నాడు సాయంత్రం బిడ్డతో ఆస్పత్రి నుంచి రావాల్సి ఉంది. తల్లికీ బిడ్డకీ ఆ గీజరు నీళ్ళే పోయాలనుకున్నారు. 

కారణం ఆ మేకేనని నాకు ఎవరూ చెప్పలేదు. ఎందుకు పగిలిందో నాకు తెలియదు కూడా. అయినా లోపల్నించి ఏదో నువ్వే, నువ్వే అంటూనే ఉంది. పాత గీజరుని తెచ్చి పెరట్లో బావి పక్కన పడేశారు. మధ్యాహ్నం అందరూ భోజనాల దగ్గర ఉండగా వెళ్ళి మేకు లాగాను. నీళ్ళకి ఉబ్బిపోయి కదల్లేదు. పళ్ళతో కూడా లాగాను. ఇంతలో అమ్మగారు అంట్లకి పిలిచింది. ఆ రాత్రి అన్నం వదిలేశాను. అమ్మ నుదురు ముట్టుకు చూసి జ్వరం లేదే అంది.

తెల్లారి పైపుల మేస్త్రీ సైకిలు మీద వచ్చాడు. గుంటూరు మనిషి. నలభై ఏళ్ళుంటాయి, బక్కగా, చెవి మీద పెన్సిలు, భుజాన సంచిలో పానాలు. ఆ గీజరు మొదట బిగించింది కూడా ఆయనే. అందుకే పిలిపించారు. అయ్యగారు అరుగు మీదే నిలబెట్టి కడిగేశారు. "రెండేళ్ళు కాలేదు. నా ఇంటికి బాంబు బిగించిపోయావు కదయ్యా" అన్నారు. కొత్త గీజరు తెప్పించి ఉంచాను, సాయంత్రంలోగా పెట్టెయ్, ఆ తర్వాత ఈ కాలనీలో నీ సైకిలు కనపడకూడదు అన్నారు. ఆ ఏడు ఆ కాలనీలో నాలుగైదు ఇళ్ళవాళ్ళు గీజర్లు పెట్టించుకుందామని చూస్తున్నారు. ఆ మాట మేస్త్రీకీ తెలుసు. ఆయన మొహం నల్లబడింది. ముందు పాతది ఒకసారి చూడనివ్వండి సార్ అని మాత్రం అన్నాడు.

నేను చీపురు పట్టుకుని పెరట్లో చేరాను. ఊడ్చిన చోటే ఊడ్చాను. ఆయన గీజరు ముందు గొంతుక్కూర్చుని చీలిన అతుకు మీద వేలు పోనిచ్చాడు. లోపల పట్టిన తెల్లటి గార గీకి చూశాడు. ఎంత నిదానం అంటే ఆ నిదానానికి నాకు ఏడుపొచ్చింది. చూస్తే చూశావు, త్వరగా చూడు, అయిపోతుంది అనుకున్నాను. మళ్ళీ చూడకపోతే బాగుండు అనుకున్నాను. చివరికి ఇత్తడి ముక్కు దగ్గర ఆయన వేలు ఆగింది. పట్టుకారుతో పట్టి మెలితిప్పి మేకు లాగాడు. దాన్ని వెలుగులో పెట్టి తిప్పి, చుట్టిన పత్తి విప్పి చూశాడు. తర్వాత చొక్కా జేబులో వేసుకున్నాడు.

అది చూపించి అయ్యగారి నోరు మూయించి ఉంటే నాకు నయంగా ఉండేది. జేబులో వేసుకునేసరికి నా ప్రాణం ఆ జేబులోకి వెళ్ళి కూర్చుంది. ఆయన కొత్త గీజరు గోడకెక్కించాడు, గొట్టాలకి నార చుట్టి తెల్లరంగు రాసి బిగించాడు. నేను మంచినీళ్ళు తీసుకెళ్ళాను, టీ తీసుకెళ్ళాను, అడక్కుండానే దీపం పట్టాను. వెళ్ళిన ప్రతిసారీ ఆ జేబు వైపే చూశాను. పోలీసులకి ఇస్తాడా, అమ్మగారికి ఇస్తాడా, ఇవ్వబోయే ముందు నేనే చెప్పేస్తే మా అమ్మ పని పోతుందా, పోతే మళ్ళీ మిరప చేలకేనా. ఇవే తిరుగుతున్నాయి బుర్రలో.

ఒకసారి ఆయన పని చేసుకుంటూనే, నా వైపు చూడకుండా, డాబా మీద తొట్టికి నీళ్ళెవరు మోస్తారమ్మాయ్ అని అడిగాడు. మా అమ్మ అన్నాను. ఈ పాతది రోజుకి ఎంత కారేదో అన్నాడు. చెంబెడు అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. చెంబు పెట్టి కొలిచినదానికి తప్ప ఆ లెక్క ఎవరికి తెలుస్తుంది? ఆయన తల ఊపి పానా తిప్పుతూ ఉండిపోయాడు.

పని అయ్యాక స్విచ్చి వెయ్యకుండా అందరినీ పిలవమన్నాడు. అయ్యగారు వచ్చి, ఏదైనా ఉంటే నాకు చెప్పు, నేను వాళ్ళకి చెప్తాను అన్నారు.

"పోయినసారి మీకే చెప్పానండి" అన్నాడు మేస్త్రీ. "అక్కడే తప్పు జరిగింది."

అమ్మగారు వచ్చింది. మా అమ్మ చేతులు తుడుచుకుంటూ గుమ్మం బయట నిలబడింది. ఆయన మా అమ్మని లోపలికి రమ్మన్నాడు, ఆ వెనక నన్నూ రమ్మన్నాడు. జేబులోంచి మేకు తీసి అరచేతిలో పెట్టాడు. పాలు కాగితే పొంగుతాయి కదా, నీళ్ళూ కాగితే ఉబ్బుతాయి, మన కంటికి కనపడదంతే అన్నాడు. ఉబ్బిన నీళ్ళకి బయటికి దారి ఈ ముక్కు. దీన్ని మూస్తే ఉబ్బిన నీళ్ళు డబ్బాని చించుకుని వస్తాయి. ఎప్పుడు వస్తాయో, ఎవరి మీదికి వస్తాయో చెప్పలేం అన్నాడు.

అయ్యగారి చూపు మేకు మీద నుంచి మా అమ్మ మీదికి వెళ్ళింది. ఎవరు చేశారీ పని అన్నారు.

మేస్త్రీ అడ్డం వచ్చాడు. "ఎవరు కొట్టారన్నది తర్వాత సంగతి సార్. గీజరు పెట్టిన రోజు మీరు పేపరు చదువుతుంటే మీకు చెప్పి వెళ్ళిపోయాను. ఈ గదిలో పొద్దస్తమానం ఉండేది ఆమె. ఆమెకి చెప్పలేదు. ఇది ఎందుకు కారుతుందో తెలియనివాళ్ళు పాడైందనుకుని మూస్తారు. నా ఇంట్లోనైనా అంతే. ఆ తప్పు నాదే."

 ఆరోజు విన్నది అయ్యగారికి గుర్తొచ్చినట్టే ఉంది. కానీ అమ్మగారు ఊరుకోలేదు. మనవడొచ్చే ఇంట్లో ఇంత పని చేసిందెవరో తేలాలి అంది.

మా అమ్మ ఆ మేకు వైపు చూసింది. చెక్కిన తీరు చూసి గుర్తుపట్టింది. నేను బొమ్మలబండికి చక్రాలు చెక్కుకునేదాన్ని, అదే వంకర. తల వంచుకుని, "నేనేనండి అమ్మగారూ" అంది.

అంతవరకూ నాకు భయమే ఉంది. ఆ మాట విన్నాక ఇంకేదో వచ్చింది. మేస్త్రీ నా వైపు చూడను కూడా లేదు, చెప్పమని సైగ చెయ్యలేదు. పాత నేరం తన నెత్తిన వేసుకుని తన పనిముట్లు తుడుచుకుంటున్నాడు. మా అమ్మ నా నేరం నెత్తిన పెట్టుకుని నిలబడింది. ఇద్దరు పెద్దవాళ్ళు మోస్తుంటే నేను చీపురు పట్టుకుని నిలబడ్డాను.

"అమ్మ కాదండీ. నేను కొట్టాను, రాయితో" అన్నాను. "మా అమ్మ మోసిన నీళ్ళు పోతున్నాయని."

వీపు మీద మా అమ్మ దెబ్బ పడింది. రెండోది కూడా పడింది. అమ్మగారు ఏవేవో అంది, అన్నీ గుర్తులేవు, స్నానాలగదిలోకి ఈ పిల్ల అడుగు పెట్టకూడదు అన్నది ఒకటి గుర్తుంది. అయ్యగారు గొంతు సవరించుకుని, ఆ పిల్లకి ఇంకోసారి చెప్పవయ్యా, అర్థమయ్యేదాకా చెప్పు అని వరండాలోకి వెళ్ళిపోయారు. మేస్త్రీని కాలనీకి రావద్దన్న మాట మళ్ళీ ఎత్తలేదు. క్షమించమని కూడా అనలేదు. మాలాంటివాళ్ళకి ఆ మాట ఎవరంటారు? మా అమ్మ పని పోలేదు, అదే గొప్ప.

మేస్త్రీ మళ్ళీ చెప్పాడు. చెప్పి, ఇప్పుడు నువ్వు నాకు చెప్పు అన్నాడు. తడబడితే ఆపి అక్కడి నుంచి మళ్ళీ చెప్పించాడు. తర్వాత స్విచ్చి వేసి, కొత్త ముక్కు కింద నా అరచెయ్యి పట్టించాడు. అమ్మగారి ఆజ్ఞ వేడి ఇంకా చల్లారలేదు, అయినా ఆయన లెక్కచెయ్యలేదు. చాలాసేపటికి మొదటి చుక్క పడింది. అంత వేడిగా లేదు. ఇది పడుతుంటే అంతా బాగున్నట్టు, పడకపోతే పరుగెత్తి చెప్పాలి అన్నాడు.

వెళ్ళేముందు సంచిలోంచి సన్నటి రబ్బరు గొట్టం తీసి ఆ ముక్కుకి తొడిగి, దాని రెండో చివర గుడ్డలు నానబెట్టే బకెట్టులోకి వదిలాడు. నేలా తడవదు, మీ అమ్మ మోసిందీ పోదు అన్నాడు. గొట్టం ఎప్పుడూ తెరిచే ఉండాలి, చివర నీళ్ళలో మునగకూడదు అని అది కూడా మా అమ్మకే చెప్పాడు, అమ్మగారికి కాదు. మా అమ్మ ఆ గొట్టం వైపు అలా చూస్తూ నిలబడింది. ఇంత చిన్న పని మొదట బిగించినప్పుడే చేసి ఉండొచ్చు కదా అని నాకు కోపం కూడా వచ్చింది. ఆ కోపం న్యాయమైనదే. ఆయనా అదే అనుకుని ఉంటాడు.

సాయంత్రానికి బాలింత వచ్చింది. మా అమ్మే వేణ్ణీళ్ళకి చన్నీళ్ళు తొరిపి బిడ్డకి పోసింది. నేను గుమ్మం బయటే కూర్చుని, లోపల బకెట్టులో చుక్కలు పడుతున్నాయో లేదో చెవులు రిక్కించి విన్నాను. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అదే నా పని అయిపోయింది.

పెద్దయ్యాక పత్తి జిన్నింగు మిల్లులో చేరాను. కొన్నాళ్ళకి ఆడకూలీల మీద మేస్త్రీని అయ్యాను. ఒకసారి కొత్త యంత్రం వచ్చింది. బిగించడానికి వచ్చిన ఇంజనీరు ఆఫీసు గదిలో ఓనరుకి అంతా వివరించి, కాఫీ తాగి, కారెక్కబోతుంటే వెళ్ళి అడ్డం నిలబడ్డాను. చెయ్యి పెట్టేది మేమండీ, మాకు చెప్పి వెళ్ళండి అన్నాను. మేనేజరు నవ్వాడు. ఇంజనీరు గడియారం చూసుకుంటూనే లోపలికొచ్చాడు. పత్తి ఇరుక్కున్నప్పుడు ఏ మీట ముందు దించాలి, ఎందుకు దించాలి, దించకుండా చెయ్యి పెడితే ఏమవుతుంది, అన్నీ రెండుసార్లు చెప్పించుకున్నాను. తర్వాత మా వాళ్ళందరి చేతా ఒక్కొక్కరుగా నాకు చెప్పించాను. కొత్తగా చేరిన పిల్లకైతే మొదట చెప్పేదాన్ని, ఊడ్చే ఆమెకైతే ఇంకా ముందు.

ఇప్పటికీ ఎవరైనా ఇది ముట్టుకోకు అంటే ఎందుకు అని అడుగుతాను. చెప్పేదాకా అక్కడి నుంచి కదలను. బ్యాంకులో, ఆస్పత్రిలో, మనవరాలి బడిలో, అంతటా ఇదే. నోటిదురుసు ముసలిది అని పేరొచ్చింది. రానీ. ఆ మిల్లులో నా చేతి కింద పనిచేసిన ఆడవాళ్ళందరికీ పదేసి వేళ్ళున్నాయి.